దేవుడికి పనికిరాని పూలు

మా వీధిలో దొంగతనానికి ఒక వేళంటూ ఉంది. పాలవాడు వచ్చి వెళ్ళాక, సూర్యుడు లేవకముందు. దొంగలందరూ తలంటుకుని, తడిజుట్టుకి తువ్వాలు చుట్టుకుని, చేతిలో ప్లాస్టిక్ కవరో పూలసజ్జో పట్టుకుని మరీ వస్తారు. పట్టుబడితే సిగ్గుపడరు. నా ముఖంలోకి చూసి నవ్వుతారు. "దేవుడికే కదొదినా" అంటారు.

ఈ ఒక్క మాట విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి. నా గోడ దూకి నా కొమ్మ విరిచి నా పువ్వు పట్టుకుపోవడమేమో భక్తి, వద్దనడమేమో పాపం! ఇదెక్కడి న్యాయమో ఆ దేవుడే దిగివచ్చి చెప్పాలి.

మాది అరసవల్లిలో, గుడికి వెళ్ళే రోడ్డు మీంచి లోపలికి తిరిగే సందు. ఇటు ఒక లాడ్జి, అటు ఒక లాడ్జి, మధ్యలో మా ఇల్లు. ఇంటి ముందు నాలుగు మంచాలు వేసుకోదగ్గ మట్టినేల ఉంది. వీధిలో మిగతావాళ్ళంతా గేటు దాకా టైల్స్ పరిపించేసి బళ్ళు పెట్టుకున్నారు. మా ఆయన కూడా ఒకసారి టైల్స్ మాట ఎత్తాడు. ఆయన మా మేనత్త కొడుకే, పెళ్ళికి ముందూ తర్వాతా నాకు బావే. "ముందు నన్నందులో పాతీసి, తర్వాత నీ టైల్స్ ఎయ్యించుకో బావా" అన్నాను. మళ్ళీ ఎత్తలేదు.

నాకు కావలసింది ఒకటే. రంగుకి రంగు అమరేలా ఏరి నాటుకున్న మొక్కలన్నీ ఒకేసారి పూసి, ఆ పూలు ఒక్క పూటైనా చెట్ల మీదే ఉండగా, కాఫీ గ్లాసు పట్టుకుని మెట్టు మీద కూర్చుని కడుపు నిండా చూసుకోవాలి. అంతే. బంగారం అడిగానా, వెండి అడిగానా?

ఈ కోరిక ఎక్కడిదో కూడా చెప్పాలి. మా పుట్టిల్లు బొబ్బిలి దగ్గర పల్లె. ఊరి గుడికి పూలదండలు కట్టి ఇచ్చే ఇల్లు మాది. ఇంటి వెనక పెరడంతా పూలే. గన్నేరు, నందివర్ధనం, మందారం, మల్లె, కనకాంబరం, మరువం. వినడానికి ఎంత బాగుందో! ఆ పెరట్లో పుట్టి పెరిగిన నేను పూర్తిగా విచ్చిన మల్లెపువ్వుని చెట్టు మీద చూసి ఎరగను. మల్లె, జాజి మొగ్గగా ఉన్నప్పుడే సాయంత్రం కోసేయాలి. మందారం, నందివర్ధనం తెల్లవారకముందే దులిపేయాలి. మేం బడికి బయల్దేరే వేళకి పెరట్లో ఆకులు మిగిలేవి. దేవుడికి పెట్టవలసిన పువ్వు చెట్టు మీదే వాడిపోతే ఇంటికి అరిష్టమని మా అమ్మ నమ్మకం.

దానికి తోడు ఇంకో రూలు. కోసిన పువ్వుని వాసన చూడకూడదు. చూస్తే ఎంగిలి. ఎంగిలి పువ్వు దేవుడికి పెట్టరు. ఊపిరి తగలకుండా ముఖం పక్కకి తిప్పుకుని దండ గుచ్చడం నాకు అక్షరాలకంటే ముందు వచ్చింది. ఒకసారి సంపెంగ చేతిలో పడింది. ఆ వాసన దానంతటది ముక్కులోకి వస్తుంటే నేనేం చేయను? దగ్గరగా పెట్టుకుని గట్టిగా పీల్చాను. అమ్మ చూసింది. వీపు మీద ఒక్కటిచ్చి, ఆ పువ్వుని గిరాటేసి, "ఒసే గుంటా, సామి కంటే ముందు నీకొచ్చిందేటే వాసన?" అంది. చేతులు కడిగించింది. మూలుగుతూ ఆ సంపెంగ వైపే చూశాను. అక్కడ దాన్ని ఆవు తినేసింది. ఆవుకి లేని ఎంగిలి నాకెలా వచ్చిందో ఇప్పటికీ అర్థం కాదు, ఇప్పటికీ మండుతుంది.

అందుకే ఈ మట్టి నా చేతికి వచ్చినప్పుడు శ్రద్ధగా మొదలెట్టాను. గోడవార తెల్లటి నందివర్ధనం, దాని ముందు ఎర్ర ముద్దమందారం. తెలుపు వెనక ఉంటేనే ఎరుపు ఎరుపులా కనిపిస్తుంది. గేటు పక్క పచ్చగన్నేరు. ఆ పసుపు పక్కన కంచె మీదికి నీలి శంఖుపూల తీగ పాకించాను, ఎందుకంటే పసుపూ నీలమూ ఒకదాన్నొకటి లేపుతాయి. ముందు వరసలో చామంతి. పొడుగువి వెనక, పొట్టివి ముందు, మధ్యలో మధ్యరకం. ఆకుల రంగు కూడా చూసుకున్నాను, ముదురాకు పక్కన లేతాకు పడేలా. ఇవన్నీ నాకు ఎవరూ నేర్పలేదు. చీరకి జాకెట్టు ముక్క ఏరుకునే ఏ ఆడదానికైనా ఈపాటి తెలుస్తుంది.

మొదటి పూత వచ్చింది. పొద్దున్నే కాఫీ కలుపుకుని మెట్టు మీదికి వచ్చాను. తోట మొత్తం మొక్కు తీర్చుకుని గుండు కొట్టించుకొచ్చిన తలలా ఉంది. ఒక్క పువ్వు లేదు. మందారం కొమ్మ ఒకటి విరిగి బెరడు పట్టుకుని వేలాడుతోంది.

మర్నాడు చీకటితో లేచి కాపు కాశాను. ఎదురింటావిడ, ఆవిడ చెల్లెలు, సందు చివరి ముసలాయన, లాడ్జిలో దిగిన ఎవరో యాత్రికులు! ఎదురింటావిడ నాతో రోజూ కబుర్లాడే మనిషే. ఇంటికి తాళమేసి వెళ్తే తాళంచెవి నాకే ఇచ్చి వెళ్తుంది. పది రూపాయలు పడిపోతే వెతికి తెచ్చిస్తుంది. అలాంటి మనిషి నా పచ్చగన్నేరుని కొక్కెం కర్రతో వంచి దులుపుతోంది.

"ఏటొదినా ఇది?" అన్నాను.

"పూలొదినా" అంది, నాకు పూలంటే ఏమిటో తెలియనట్టు. "ఈవేళ ఆదివారం కదా. సామికి పూలు పెడదామని. నీ సేతి సలవ, ఎంత పూసిందో సూడు!"

"పూసింది సూసుకోడానికే నాటుకున్నాను."

"నువ్వూ సూసుకో, ఎవులొద్దన్నారు? సెట్టుకి రెండేసి ఒగ్గీసినాను." చూపించింది. పురుగు తిన్నవి రెండు వదిలింది.

గేటుకి తాళం వేశాను. గోడ బయట నుంచి కొక్కెం కర్ర వేశారు. గోడవార మొక్కల్ని లోపలికి జరిపి నాటాను, సగం చచ్చిపోయాయి. మిగిలినవాటిని కోయడానికి గేటే తెరుచుకునేది. ఎవరు తెరుస్తున్నారా అని చూస్తే మా బావ! పాలపేకెట్టు కోసం వెళ్ళి, గేటు బార్లా తీసి, "రండి రండి, దేవుడికే కదా" అని స్వయంగా కొమ్మలు వంచి పట్టుకుంటున్నాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు! తను ఒక్క మొక్కకి నీళ్ళు పోసి ఎరగడు.

"నువ్వేటి బావా, ఊరికి ధర్మకర్తవా?"

"ఏటైపోద్దే? నాలుగు పూలకి రచ్చేటి? రేపు మళ్ళీ పూస్తాయి కదా."

"అన్నం కూడా రేపు మళ్ళీ వండుతాను. ఈవేల్టిది వీధిలో పంచీమంటావా?"

నవ్వేశాడు. ఆ నవ్వుకి నాకు వొళ్ళు మండిపోయింది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఇదే. వీధిలో ఆయన ఎంతో మంచివాడు. నా పూలతో.

పైగా పదకొండు గంటలకి ప్రసాదం వచ్చేది. కాగితంలో ఇంత పులిహోర. "మీ మందారమే సామి పటం మీద పెట్టినాం. పుణ్యమంతా మీదే." అని ఎదురింటావిడ సంబరంగా చెప్పేది. పుణ్యం నాకొద్దు మొర్రో, పువ్వు ఉంచండి చాలని ఎంత మొత్తుకున్నా చెవిటివాడి ముందు శంఖమే. కోపం వచ్చినా పులిహోర మాత్రం తినేదాన్ని. దాని మీద నాకేం పగ లేదు.

రెండేళ్ళు ఇదే వరస. ఒకరోజు విరిగిన నందివర్ధనం కొమ్మ చేతిలో పట్టుకుని కూర్చుంటే, మా అమ్మ పాత మాటలే బుర్రలో తిరిగాయి. ఏది పెట్టాలో చెప్పినంతసేపూ ఏది పెట్టకూడదో కూడా చెప్పేది. కాగితంపువ్వు పెట్టకూడదు. కోడిజుట్టు పెట్టకూడదు. పేరు తెలియని పువ్వు పెట్టకూడదు. పూజ వేళ దాటి విచ్చే పువ్వు ఎలాగూ అందదు. ఇది మా పుట్టింటి పద్ధతి, కానీ ఈ సందులో వాళ్ళూ ఇంచుమించు ఇదే పాటిస్తారు. అంటే దేవుడికి అక్కర్లేని పూలు కూడా లోకంలో ఉన్నాయన్నమాట. అవన్నీ నావే కదా! లేచి చీర మార్చుకున్నాను.

విజయనగరం వెళ్ళే హైవే పక్క నర్సరీకి వెళ్ళాను. ఆ అబ్బాయి నన్ను చూడగానే, "రండమ్మా, పూజకా? మందారంలో కొత్త రకాలొచ్చినాయి" అన్నాడు.

"పూజకి పనికిరానివి సూపించు బాబూ."

"ఏటమ్మా?"

"ఎవులూ దేవుడికి పెట్టని పూలు. అయ్యే కావాలి."

నన్నొకసారి కిందా పైనా చూశాడు. మతం మారిపోయాననుకున్నాడో ఏమో, గొంతు తగ్గించి చూపించాడు. నేను మాత్రం అక్కడే ఎండలో నిలబడి, కుండీలు ఒకదాని పక్కన ఒకటి జరిపి జరిపి చూసుకున్నాను. వెనక గోడకి రాణీరంగు కాగితంపూలు. పక్కన నారింజ రంగుది కూడా ఉంది, ముద్దొచ్చింది, కానీ ఆ రెండూ పక్కపక్కన పెడితే కళ్ళల్లో కారం కొట్టినట్టుంది. నారింజని వదిలేశాను. రాణీరంగు పక్కన తెల్ల కాగితంపువ్వు పెట్టాను. భోజనాల దగ్గర పడని తోటికోడళ్ళ మధ్య ఒక పెద్దావిడని కూర్చోబెట్టినట్టు, రంగుల మధ్య తెలుపు ఉంటే గొడవుండదు. దాని ముందుకి ప్లంబాగో అని ఒక పొద, ఆకాశం రంగు పూలు, గుత్తులు గుత్తులుగా. రాణీరంగు వేడికి ఆ నీలం చల్లదనం. తర్వాత పసుపు జీనియాలు, వాటి మధ్య అక్కడక్కడ ముదురెరుపు కోడిజుట్టు. అన్నిటికంటే ముందు, నేలకి పరుచుకునేలా గడ్డిరోజా. గడ్డిరోజా మహా తెలివైన మొక్క. ఎండ ముదిరితే గానీ కళ్ళు తెరవదు. ఈ సజ్జలవాళ్ళు వచ్చే వేళకి ముడుచుకుని పడుకునే ఉంటుంది.

మిగిలిన పాత మొక్కలు తీసేసి వీటిని నాటే ముందు ఇంకో పని కూడా ఉంది. మా బావ ఎవరి మాట విన్నాడో, ప్రహరీకి లోపల చిలకపచ్చ రంగు వేయించి ఉన్నాడు. చిలకపచ్చ మీద రాణీరంగు! తిరనాళ్ళలో బొమ్మల కొట్టు నయం. నేనే బ్రష్షు పట్టి గోడంతా సున్నం కొట్టాను. "ఏటే, కొత్త రంగు మీద సున్నమా?" అని గుండెలు బాదుకున్నాడు. "నీ రంగు నువ్వు వీధి వైపు ఏసుకో బావా, లోపల వైపు నాది" అన్నాను.

వానలు దాటి, చలి కూడా తగ్గుముఖం పట్టింది. ఎదురింటావిడ రెండు మూడుసార్లు సజ్జతో వచ్చి, కాగితంపూల ముళ్ళు గుచ్చుకుని, ఖాళీగా వెళ్ళిపోయింది. ఆ ఇంటి ఆడమనిషి దేవుడి మీద కోపంతో పనికిమాలిన మొక్కలు పెట్టిందని వీధిలో అనుకున్నారట. అనుకోనీ. ప్రసాదం రావడం మానేసింది. అది మాత్రం కాస్త బాధే.

రథసప్తమి రద్దీకి మా అమ్మ వచ్చింది. ఎనభై దాటినా దర్శనం మానదు. రద్దీ తగ్గాక కొన్నాళ్ళు ఉండమని నేనే ఆపాను. మొదటిరోజే తోటంతా కలియజూసి పెదవి విరిచింది.

"ఒసే, ఇంత సోటుండి ఒక్కటీ దేవుడికి పెట్టే పువ్వు నేదేటే? ఈటినేటి సేస్తావు, ఎద్దుకి పెడతావా?"

"సూస్తాను."

"సూసి?"

సూసి ఏం చేస్తారు ఎవరైనా? అమ్మ తల అడ్డంగా ఊపి, దారం ఉండ తీసి ఒళ్ళో పెట్టుకుంది. కట్టడానికి పూలు లేకపోయినా ఆవిడకి చేతిలో దారం ఉండాలి.

ఆ వారమే తోట కుదిరింది. ముందు కాగితంపూలు ఆకు కనబడకుండా విరగబూశాయి, తర్వాత ప్లంబాగో అందుకుంది, జీనియాలు నిండుగా వచ్చాయి. గడ్డిరోజా మొగ్గలు చిట్లడానికి సిద్ధంగా ఉన్నాయి. రేపు ఎండెక్కేసరికి మొత్తం ఒకేసారి ఉంటుందని ముందురోజే తెలిసిపోయింది. ఇన్నేళ్ళుగా నేను అడిగిన ఆ ఒక్క పూట అదే. పెళ్ళిచూపుల ముందు కూడా నా గుండె అలా కొట్టుకోలేదు. వచ్చినవాడు బావే కాబట్టి కొట్టుకోవలసిన పని కూడా లేదనుకోండి.

పొద్దున్న పనులన్నీ తెమల్చుకుని, కాఫీ పట్టుకుని మెట్టు మీద కూర్చున్నాను. అమ్మ వెనక కుర్చీలో ఉంది. ఎండ గోడ దిగి ముందు వరస దాకా వచ్చింది. గడ్డిరోజా ఒక్కొక్కటే రెక్క విప్పుతోంది.

గేటు చప్పుడైంది.

ఎదురింటావిడ. వెనక ఆవిడ చెల్లెలు. చేతిలో పెద్ద కత్తెర, చంకలో బట్టల బుట్ట.

"మా కోడలికి సాయంత్రం సీమంతం కదొదినా! ఉయ్యాలకి పూలు కట్టాలి. ఫోటోల్లో ఈ రంగులు బాగా పడతాయంట. అన్నయ్య రాతిరే సెప్పీసినారు, మొత్తం కోసుకోండి, మా ఆవిడేటీ అనుకోదని."

లోపల గదిలో టీవీ గొంతు తగ్గింది. బయటికి మాత్రం రాలేదు ఆ మహానుభావుడు.

కాఫీ గ్లాసు కింద పెట్టాను. "వద్దొదినా. ఈవేళ కోయొద్దు."

"అదేటి? దేవుడికి కూడా పనికిరానియే కదొదినా ఇయి! కోస్తే నీకేటి పోద్ది?"

ఆ మాటతో నాకు ఒళ్ళంతా నిప్పులు పోసినట్టైంది. దేవుడికి పనికొస్తే దేవుడివి. దేవుడికి పనికిరాకపోతే ఎవరివైనా. మరి నావెప్పుడు? ఎలాంటి పువ్వు నాటితే అది నాదవుతుంది? అప్పటికే చెల్లెలు కాగితంపువ్వు కొమ్మ వంచి కత్తెర పెట్టింది.

"కత్తెర దింపు!" అని అరిచాను. లాడ్జి మేడ మీద బట్టలారేస్తున్నవాళ్ళు కూడా తిరిగి చూశారు. "నాకు కావాలియి. నాకు!"

"నీకేటికొదినా?"

"సూసుకోడానికి!"

ఆవిడ చెల్లెలి వైపు చూసింది. చెల్లెలు ఫక్కున నవ్వింది. "ఓలమ్మా, సూసుకోడానికంట! ఈ వయసులో!" కోపమెక్కువైతే నాకు మాట రాదు, ఏడుపొస్తుంది. ఆ ఏడుపు వాళ్ళకి చూపించడం ఇష్టంలేక పళ్ళు బిగపట్టుకుని నిలబడ్డాను.

వెనక కుర్చీ జరిగింది. అమ్మ దారం ఉండ కింద పెట్టి, గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వచ్చి నా పక్కన నిలబడింది.

"ఎల్లండమ్మా" అంది వాళ్ళతో. "నా కూతురు సూస్తన్నాది. అది సూడ్డం అయిపోయాక రండి."

ఎదురింటావిడ నవ్వు ఆపుకుంటూ అడిగింది. "ఎంతసేపు పడద్ది పిన్నమ్మా సూడ్డానికి?"

"నాకేటి తెలుసమ్మా?" అంది మా అమ్మ. "నానెప్పుడూ సూడ్నేదు."

చెల్లెలు కొమ్మ వదిలేసింది. ఎదురింటావిడ బుట్ట చంక మార్చుకుని, "అలగే పిన్నమ్మా, మార్కెట్లో కొనుక్కుంటాంలే" అని గేటు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

అమ్మ మెట్టు మీద నా పక్కనే కూర్చుంది. కాసేపటికి మా బావ ఇంకో గ్లాసు కాఫీ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టాడు. నేను ఆయన ముఖం చూడలేదు. గడ్డిరోజా మొత్తం విచ్చింది. ఎరుపూ పసుపూ తెలుపూ గులాబీ. వెనక నీలం, దాని వెనక రాణీరంగు, సున్నపు గోడ మీద ఎండ. నేను అనుకున్నట్టే ఉంది.

అమ్మ చాలాసేపు చూసింది. తర్వాత ముందుకి వంగి, కాళ్ళ దగ్గరున్న ఒక గడ్డిరోజాని కోయకుండా రెండు వేళ్ళతో పైకెత్తి, అటూ ఇటూ చూసి, ఎవరైనా చూస్తున్నారేమో అన్నట్టు, మెల్లగా వాసన చూసింది. ఎనభై ఏళ్ళు పూల మధ్యే బతికిన మనిషి.

"ఏ వాసనా నేదేటే?" అంది.

లేదు. వాసన ఉన్నవి నాటితే మాకు మిగలనివ్వరు కాబట్టి వాసన లేనివే ఏరుకొచ్చాను. కాఫీ గ్లాసు ఆవిడ చేతిలో పెట్టాను. నోరు తెరిస్తే మళ్ళీ అరిచేదాన్ని.

ఈ వానలకి గేటు పక్కనే, అందరి కళ్ళ ముందూ, సంపెంగ నాటుతాను. మొదటి పువ్వు మా అమ్మ వాసన చూస్తుంది. ఆ తర్వాత దేవుడికి కావాలంటే ఆ ఎంగిలి పువ్వే పట్టుకెళ్ళమనండి.